ఆమె నడుము మీద నా మడమ

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావలసిన చోట కాళ్లు ముందొచ్చాయట. మంత్రసాని చేతులెత్తేసిందని, మా అమ్మ రెండు రోజులు కళ్లు తెరవలేదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. కన్నతల్లిని అంత కష్టపెట్టి పుట్టినవాడికి మా వైపు ఒక హోదా ఇస్తారు. ఎదురుకాళ్లవాడు నడుము తొక్కితే ఎంత మొండిపట్టయినా విడిచిపోతుందని నమ్మకం. కడప, కర్నూలు పల్లెల్లో ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. దానికి హిందువులని, ముసల్మానులని, మాలాంటి క్రైస్తవులని తేడా లేదు.

నాకు అయిదో ఏటనే ఆ పని మొదలైంది. మా ఇంటి ముందు నల్ల కడప బండలు పరిచిన అరుగు ఉంది. నడుము పట్టినవాళ్లు పొద్దున్నే, ఏమీ తినకుండా వచ్చి దాని మీద బోర్లా పడుకునేవాళ్లు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని నిలబెడితే, నేను ఎడమకాలి మడమ వాళ్ల నడుము మీద ఆనించి మూడుసార్లు తొక్కేవాణ్ణి. మూడు పొద్దులు అట్లా తొక్కాలి. ప్రతిఫలం తీసుకోకూడదు, తీసుకుంటే కాలిలో గుణం పోతుంది. ఒకసారి మా చర్చి అయ్యగారు కూడా చొక్కా విప్పి పడుకున్నాడు. "ప్రార్థన నేను చేసుకుంటా, కాలు నువ్వు పెట్టప్పా" అన్నాడు. ఆ మాట నేను పదేళ్లు చెప్పుకుని తిరిగాను.

అయిదేళ్ల పిల్లవాడి కాలికీ, ఎనభై కిలోల మగమనిషి కాలికీ తేడా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. అందరికన్నా ముందు అనుకోవలసినవాణ్ణి నేను. నేనూ అనుకోలేదు.

నాది బండల పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను మీద పని. రోజంతా నీళ్లు, రాతిబురద, మిషను రొద. అక్కడ నన్ను పట్టించుకునేవాడు లేడు. అరుగు మీద మాత్రం నేను పెద్దమనిషిని. మనిషికి అలాంటి చోటు ఒకటి దొరికితే దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటాడో నన్ను చూసి తెలుసుకోవచ్చు.

మా ఆవిడది కర్నూలుకు పడమటి పల్లె. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె డబ్బులను 'దుడ్లు' అంటే మా వీధిలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె మాట మార్చుకోలేదు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో ఇద్దరు 'దుడ్లు' అనడం మొదలుపెట్టారు. ఆమె తీరు అది. పోట్లాడదు, పక్కకూ జరగదు. మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమె, ఇంకొకామె.

రెండేళ్ల కిందట, ఎండలు ఇంకా ముదరక ముందు, ఆ రెండో ఆమె పెళ్లికి వెళ్లింది. ఇద్దరు పట్టి వంచవలసిన అన్నం గుండిగను మా ఆవిడ ఒక్కతే వంచి గంజి వార్చింది. ఇంటికి ఒక పక్కకు ఒరిగి నడుస్తూ వచ్చింది.

"ఏమయిందే?"

"గంజి వారుస్తాంటే నడుములో పుటుక్కుమన్యది."

రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు సంతోషం కలిగింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమెకు నా కాలితో ఒక్కసారీ పని పడలేదు. ఊళ్లో అందరికీ పనికొచ్చిన నా గొప్ప ఇన్నాళ్లకు నా ఇంటికి పనికొస్తోంది. మరుసటి పొద్దున ఆమె అరుగు మీద పడుకుంది. తొక్కాను. రెండో రోజు కొంచెం తేలికగా ఉందని చెప్పింది. ఆ మాట ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాను.

నొప్పి పోలేదు, దిగింది. దిగిన కొద్దీ నేను మూడేసి పొద్దులు తొక్కుతూనే ఉన్నాను. నెల తిరగకుండా పిరుదులో నుంచి తొడ వెనక పక్కగా పిక్కలోకి పాకింది. ఆమె కూర్చోలేకపోయేది, బోర్లా పడుకుంటే తప్ప తెరిపి లేదు.

"ఏమయ్యా, ఇది నడుము పట్టు కాదు. పిక్కలోకి కరెంటు తీగ లాగినట్లుండాది. ఒకసారి కడపకు పోయి డాక్టరుకు చూపించుకుందామా?"

"ఊరు ఊరంతా నా కాడికొస్తాండాది. నా పెండ్లామే ఆసుపత్రికి పోతే నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

"నేను చెప్తాండేది నీ మొగం గురించి కాదు, నా కాలు గురించి."

"గమ్మున పండుకో. ఇంగో మూడు పొద్దులు."

ఆమె పడుకుంది. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. బడి హెడ్‌మాస్టరు బియ్యంలో పురుగులున్నా వండమంటే గరిటె కింద పెట్టి నిలబడిన మనిషి ఆమె. భయపడి పడుకోలేదు. నా మాట నమ్మి పడుకుంది.

మూడో పొద్దున నా మడమ కింద ఆమె కేక వేసింది. పట్టు విడిచేటప్పుడు కేక వస్తుందని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. అందుకని ఆగలేదు. ఆ కేక మీదనే ఇంకోసారి అదిమాను. ఆమె ఆ తర్వాత లేవలేదు. చేతుల మీద ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాను. నాలుగు రోజులు ఒక పక్కకు తిరిగి పడుకుని, కాలకృత్యాలకు మాత్రం గోడ పట్టుకుని వెళ్లింది. చూడ్డానికి వచ్చినవాళ్లకు "అన్నం గుండిగ ఎత్తినా, అంతే" అని చెప్పింది. నా పేరు ఎత్తలేదు.

అయిదో రోజు మా అన్న వచ్చాడు. మా అన్న మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర లారీలకు లోడింగు చేసేవాడు. అంతకు మూడేళ్ల ముందు ఆయనకూ నడుములోనే మొదలైంది. ఆయన ఆసుపత్రి భయంతో నెలల తరబడి మాత్రలు మింగుతూ గడిపాడు. ఒకరోజు గని దారిలో నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోయింది. అది జారిన సంగతి ఆయనకు తెలియలేదు. వెనక వచ్చేవాడు తెచ్చి ఇస్తే తెలిసింది. పాదం పైకి లేవడం మానేసిందని డాక్టరు వెంటనే ఆపరేషన్ చేశాడు. ఇప్పుడు బాగా నడుస్తాడు. బరువులెత్తడం మానేసి గని దగ్గరే టీ బంకు పెట్టుకున్నాడు. ఆయన తన నడుము మీద నా కాలు ఎప్పుడూ పెట్టనివ్వలేదు. కత్తికి ఒప్పుకున్నవాడు తమ్ముడి కాలికి ఒప్పుకోలేదని నాకు కోపం. ఆయన ఆసుపత్రిలో ఉన్న వారంలో ఒక్కపూట వెళ్లి చూసి వచ్చాను.

ఆ మనిషి మా గడపలో చెప్పులు విప్పి, మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏమ్మా, ఏమయింది?"

"ఏం లేదు బావా. గంజి వారుస్తాంటే..."

"అది ఈ మూలన కూచున్నోడు చెప్పినాడులే. నీ కాలి బొటనవేలు పైకెత్తు. నా చేతిని తోయ్." డాక్టరు తనకు చేసిన పరీక్ష ఆయన గుర్తు పెట్టుకున్నాడు. ఆమె వేలు ఎత్తింది. ఆయన అదిమితే, ఆమె ఎదురు తోసింది. "బలముండాది. నాకు ఈ బలం గూడా పోయినాకనే ఆసుపత్రికి పోయినా నేను. లెయ్‌రా, కారు మాట్లాడు."

"అది కాదన్నా, ఇంగో మూడు పొద్దులు చూసి..."

"నువ్వు చూసింది చాలు. మాయమ్మ కడుపులో నుంచి తన్నుకుంటా వచ్చినావు, నీకు నలభై ఎనిమిదేండ్లు వచ్చినా తన్నేది మానుకోలేదు."

అంత నొప్పిలోనూ ఆమె పిరుదు పట్టుకుని నవ్వింది. నేను కారు మాట్లాడాను.

కడపలో మా అన్నకు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లాం. ఆయన ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూశాడు. కొంచెం ఎత్తగానే ఆమె పళ్లు కరుచుకుంది. మడమల మీద నడిపించాడు, వేళ్ల మీద నడిపించాడు. పాదాల మీద దూది ఆనించి తెలుస్తోందా అని అడిగాడు. మూత్రం పట్టు ఉందా, కూర్చునే చోట మొద్దుబారిందా అని దాపరికం లేకుండా అడిగాడు. స్కాన్ తీయించాడు. తర్వాత మాట్లాడేటప్పుడు ఆయన నా వైపు తిరగలేదు, ఆమె వైపే తిరిగి మాట్లాడాడు. నాకది అప్పుడు నచ్చలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద గౌరవం కలుగుతుంది.

"అమ్మా, నడుము ఎముకల మధ్య మెత్తటి బిళ్ల ఉంటుంది. అది పక్కకు ఉబ్బి కాలికి పోయే నరాన్ని నొక్కుతోంది. అందుకే నడుము కన్నా పిక్కలో ఎక్కువ నొప్పి. ఎవరైనా నడుము తొక్కడం, లాగడం లాంటివి చేశారా?"

ఆమె నా వైపు చూసింది. నేను చెప్పడానికి సరిపోయేంత సేపు చూసింది. నేను స్కాన్ కవరు మీద అక్షరాలు చదువుతున్నాను.

"బరువు ఎత్తింది నేనే సార్" అంది.

అబద్ధం ఆడలేదు, నన్ను పట్టించలేదు. మా అన్న గట్టిగా దగ్గాడు. అప్పుడైనా నేను నోరు తెరవలేదు.

పైగా ఆ తప్పు కప్పుకోవడానికి ఇంకో తొందర పట్టుకుంది నాకు. "ఇంతెందుకు సార్, ఆపరేషన్ చేసేయండి. మా అన్నకు చేసినట్లు చేసేయండి" అన్నాను.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "మీ అన్నకు పాదం పడిపోయింది. అప్పుడు ఆగితే నరం చచ్చిపోతుంది కాబట్టి చేశాం. ఈమెకు బలం తగ్గలేదు, మూత్రం సంగతి బాగుంది. ఇలాంటివాళ్లకు రెండు దారులూ ఉన్నాయి." మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "ఆపరేషన్ చేస్తే కాలి నొప్పి చాలామందికి త్వరగా తగ్గుతుంది. అది మేలు. కానీ కత్తి కత్తే. చీము పట్టవచ్చు, నరానికి దెబ్బ తగలవచ్చు, కొందరికి బిళ్ల మళ్లీ జారుతుంది. ఆ తర్వాత వ్యాయామం ఎలాగూ చెయ్యాలి. ఆపరేషన్ లేకపోయినా చాలామందికి తగ్గుతుంది. మందులు, నడక, వ్యాయామం, పనిచేసే తీరు మార్చుకోవడం. దానికి వారాలు పడుతుంది, నెలలు పడుతుంది. మధ్యలో నొప్పి ఓర్చుకోలేకపోతే నరం దగ్గర ఒక ఇంజెక్షన్ ఉంది, కొన్నాళ్లు తెరిపి ఇస్తుంది. ఏడాది తర్వాత చూస్తే రెండు దారుల్లో పోయినవాళ్లూ ఇంచుమించు ఒకేచోట కనిపిస్తారు. ఎంత త్వరగా అన్నదే తేడా. నువ్వు ఏమంటావమ్మా?"

"కాలి నొప్పికి చెప్పినారు. మరి నడుము నొప్పి సార్? కోస్తే అది గూడా పోతాదా?"

"దానికి హామీ ఇవ్వలేను."

ఆమె కాసేపు తన పాదం వైపే చూసింది. "మూడు నెల్లు ఇయ్యండి సార్. మీరు చెప్పిందల్లా చేస్తా. అప్పటికీ కాకుంటే నేనే వచ్చి మీ బల్ల మీద పండుకుంటా, ఎవురూ తీసుకురాబళ్లేదు."

"మంచిది. కానీ పాదం జారినా, మూత్రం బిగుసుకున్నా, కూర్చునే చోట స్పర్శ పోయినా మూడు నెలలు చూడొద్దు. ఆ పూటే రావాలి."

మూడు నెలలు. తన కాళ్ల మీద తాను మళ్లీ పొయ్యి దగ్గరికి పోతుందా, కత్తి బల్ల మీదికి పోతుందా అన్నది ఆ మూడు నెలల్లో తేలాలి. ఆ రోజుల్లో ఆమెను చూసినంత శ్రద్ధగా నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు.

వ్యాయామం నేర్పింది రాజంపేట నుంచి వచ్చి కడపలో పనిచేసే ఫిజియోథెరపీ అమ్మాయి. చిన్న వయసు, గట్టి గొంతు.

"అక్కా, బోర్లా పండుకో. మోచేతుల మీద లెయ్. నడుము వదులుగా వదిలెయ్. నొప్పి పిక్కలో నుంచి పైకెక్కి నడుముకొస్తే భయపడొద్దు, అది మంచికే. నడుములో నుంచి కాల్లోకి దిగితే మాత్రం ఆపేసి నాకు ఫోన్ చెయ్యి. రోజుకు ఐదారు తూర్లు చెయ్యల్ల."

"ఐదారు తూర్లా? సంగటి తినేది గూడా మూడు తూర్లే కదమ్మా."

"సంగటి మానేసినా ఇది మానేయొద్దక్కా."

మా ఆవిడ ఆ మాటలో సగం పట్టుకుని, మిగతా సగం తాను కల్పించింది. బడి నుంచి తెచ్చిన సుద్దముక్క ఒకటి ఇంట్లో ఉండేది. పొద్దున లేవగానే నొప్పి ఎక్కడిదాకా దిగిందో అక్కడ కాలి మీద సుద్దతో గీత గీసుకునేది. మొదటి వారం గీత పిక్క మధ్యలో ఉంది. అరుగు మీద చాప పరుచుకుని, నేను తొక్కిన ఆ చోటే బోర్లా పడుకుని, మోచేతుల మీద లేచి నిలిచేది. ఆ తర్వాత ఫ్యాక్టరీ దారి వెంట, ముక్కలైన బండల కుప్పల పక్కగా, మొదట వంద అడుగులు నడిచింది, తర్వాత చర్చి దాకా, తర్వాత క్వారీ మలుపు దాకా. ఎండ ఎక్కకముందు ఒకసారి, దిగాక ఒకసారి.

వీధిలోవాళ్లు ఊరుకోలేదు. "ఏమక్కా, పాము పడగ ఎత్తినట్లు చేస్తాండావు?" అని ఒకామె అంటే, "కాటేస్తా, దగ్గరికి రావాకు" అంది. నా దగ్గరికి నడుము పట్టి వచ్చేవాళ్లు ఆమె చాప చూసి తికమకపడ్డారు. "ఏందప్పా, ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఆమె ఈ కుస్తీలేంది?" అని నన్ను అడిగారు. నాకు మడమ నొప్పిగా ఉందని చెప్పి పంపేవాణ్ణి. అదీ అబద్ధమే.

నాలుగో వారానికి సుద్దగీత మోకాలి వెనక్కి వచ్చింది. చర్చిలో చాప మీద కూర్చోలేక వెనక గోడకు ఆనుకుని నిలబడేది. ఆదివారం ఒప్పుకోలు ప్రార్థన అందరం కలిసి గట్టిగా చెబుతాం. అందరితో కలిసి చెప్పేటప్పుడు ఎవరి తప్పు వాళ్లకు ప్రత్యేకంగా వినపడదు. నేను వెనక్కి తిరిగి చూస్తే ఆమె కళ్లు మూసుకుని, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ చెబుతోంది.

ఆరో వారం నొప్పి తిరగబెట్టింది. పొరుగింట్లో పసిబిడ్డను ఎత్తుకుందట. గీత మళ్లీ పిక్కలోకి దిగింది. ఆ పొద్దున ఆమె చాప మీద బోర్లా పడుకుని, ముఖం బండకు ఆనించి ఏడ్చింది. నేను ఫోను తీశాను.

"ఎవురికి చేస్తాండావు?"

"కారుకు. పోయి కోయించుకుందాం. అన్న చూడు ఎట్ల నడుస్తాండాడో. ఇంగెన్నాళ్లు ఈ పాట్లు?"

ఆమె తల ఎత్తింది. "ఆపరేషన్ చెడ్డదని నేనన్యానా? బావ ధైర్యంగా చేయించుకున్యాడు, బతికినాడు. నాకు పాదం పడిపోతే ఈ నిమిషం పోతా. నీకు నా నొప్పి పోవల్లని తొందర లేదు. నీది పోవల్లని తొందర."

ఫోనులో అవతలివాడు హలో హలో అంటున్నాడు. నేను పెట్టేశాను. ఆ రోజు ఫ్యాక్టరీలో నీళ్లు కారుతున్న బండ మీద రంపం దిగుతుంటే ఆమె మాటే వినిపించింది. ఆమె చెప్పింది నిజం. ఒక్క కోతతో అంతా మాయమైతే, కేక మీద మడమ పెట్టిన ఆ పొద్దు కూడా మాయమవుతుందని నేను లోలోపల అనుకుంటున్నాను.

సాయంత్రం మా అన్నకు ఫోన్ చేశాను. చెప్పుకోవాలని చేశాను. చెప్పలేక, "ఆమె ఆపరేషన్‌కు ఒప్పుకోవడంలేదు, నువ్వన్నా చెప్పన్నా" అన్నాను.

"నేనేంటికి చెప్తా? నాది గాలికి రాలిన కాయ, కోసి ఊరగాయ పెట్టినారు. ఆమెది చెట్టు మీద మాగుతాండాది, మాగనీ. నా బొటనవేలు ఇప్పటికీ సరిగ్గా లేవదు తెలుసునా? ఆలస్యంగా పోయినందుకు. ఆలస్యం చేసి నేను చెడినా, తొందర చేసి నువ్వు ఆమెను చెడపొద్దు. ఒక పని చెయ్యి. ఆమె మళ్ల పొయ్యి కాడికి పోతే వంగకుండా ఉండేట్లు ఏమన్నా చూడు. రాయి కోసేది ఒకటన్నా వచ్చు కదా నీకు."

అప్పటిదాకా నాకు తోచని విషయం అది. ఫ్యాక్టరీ వెనక పగిలిన బండలు గుట్టలుగా పడి ఉంటాయి. యజమానిని అడిగి, ఆదివారం మధ్యాహ్నాలు వాటిని కోసి, బడి వంటగదిలో గట్టు కట్టాను. పొయ్యి నడుము ఎత్తుకు వచ్చింది. పక్కన గంజి వార్చడానికి కొంచెం వాలుగా ఒక బండ వేశాను. గుండిగను ఎత్తకుండా దాని మీదికి జరిపి వంచవచ్చు. ఆమె వచ్చి చూసి, గట్టు మీద అరచెయ్యి ఆనించి, "రెండు వేళ్లెత్తు ఎక్కువైంది" అంది. విప్పి మళ్లీ కట్టాను. రెండోసారి అరచెయ్యి ఆనించి తల ఊపింది. పెద్ద గుండిగ పక్కన పెట్టించి, రెండు చిన్నవి తెప్పించమని హెడ్‌మాస్టరుకు చెప్పింది. ఆయన ఈసారి వాదించలేదు.

ఆమె వ్యాయామం ఒక్కపూట మానలేదు. జ్వరం వచ్చినపుడు మానలేదు, ఇంటికి చుట్టాలొచ్చినపుడు మానలేదు. వాళ్ల ఎదురుగానే చాప పరిచింది. ఎనిమిదో వారం గీత మోకాలు దాటింది. పదో వారం తొడ మధ్యకు. పదకొండో వారం చర్చిలో పీట వేసుకుని కూర్చుంది. మూడు నెలలు నిండిన పొద్దున సుద్దముక్క చేతిలో పట్టుకుని ఎక్కడ గీయాలో తెలియక కాసేపు వెతుక్కుని, చివరికి పిరుదు దగ్గర చిన్న చుక్క పెట్టుకుంది. అది చూసి నాకు వచ్చిన ఏడుపు ఆమెకు కనపడకుండా బావి దగ్గరికి పోయాను.

కడపలో డాక్టరు కాలు ఎత్తి చూశాడు. చాలా పైదాకా వచ్చింది. "ఇక ఆపరేషన్ మాట అక్కర్లేదమ్మా ఇప్పటికి. నడుము అప్పుడప్పుడు పలకరిస్తుంది. వ్యాయామం మాత్రం మానొద్దు" అన్నాడు. ఆమె నమస్కారం పెట్టి లేచింది. నేను లేవలేదు.

"సార్, ఆ రోజు మీరు అడిగినారు, ఎవరైనా తొక్కినారా అని. నేనే తొక్కినా. నెల పైన తొక్కినా. కేక పెట్టినాక గూడా తొక్కినా."

ఆయన నన్ను ఆ రోజే మొదటిసారి సరిగ్గా చూశాడనుకుంటాను. "ఆ రోజు చెప్పి ఉంటే నాకు ఉపయోగపడేది. ఇప్పుడు నాకు చెప్పి లాభం లేదు. మీ దగ్గరికి ఇంకా ఎవరైనా వస్తారా?"

"వస్తారు సార్."

"వాళ్లకు చెప్పండి."

బస్సులో తిరిగి వచ్చాం. ఊరు దగ్గరపడుతుంటే ఆమె, "చెప్పినావులే" అంది. అంతే.

చెప్పడం అంత తేలిక కాదని రెండు వారాలకు తెలిసింది. ఒక పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. పక్క మండలం నుంచి ఒక రైతును అతని బావమరిది పట్టుకుని దించాడు. చుట్టుపక్కలవాళ్లు నలుగురు పోగయ్యారు. రైతు నా పేరు విని వచ్చాడట. అరుగు దాకా నాలుగడుగులు నడిచాడు. కుడిపాదం నేలకు ఈడ్చుకుంటూ ఉంది. అరుగు మీద బోర్లా పడుకున్నాక చూస్తే, కుడికాలికి చెప్పు లేదు. అది ఆటో పక్కన మట్టిలో పడి ఉంది. అతను వెనక్కి తిరిగి చూసుకోలేదు.

"తొక్కప్పా, పరగడుపుతోనే వచ్చినాం" అన్నాడు బావమరిది.

"నేను తొక్కను."

"ఏందీ, కాలికి పొగరెక్కిందా? ఇంత దూరం వచ్చినాం."

"ఏమప్పా, కానుకేమన్నా కావల్నా ఏంది?" అని గుంపులో ఒకడు నవ్వాడు. చిన్నప్పటినుంచి నా మడమ కింద మూడుసార్లు పడుకున్నవాడే.

ఆ అరుగు మీద నేను పెద్దమనిషిగా నిలబడిన చివరి క్షణం అదని నాకు తెలుసు. "నా పెండ్లాం నడుము గంజి వారుస్తాంటే పట్టిందని అందరికీ తెలుసు. దాన్ని చెడగొట్టింది నేను. నరం మీద నెల దినాలు తొక్కినా. వద్దు, డాక్టరు కాడికి పోదామంటే, నా మర్యాద పోతాదని పోనీలేదు. ఆమె కేకేస్తే ఇంగోసారి తొక్కినా. ఈ కాల్లో ఏ గుణమూ లేదు. ఉండేది బరువే."

ఎవరూ నవ్వలేదు. బావమరిది నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్లు చూశాడు. అప్పటికే ఆమె లోపలినుంచి వచ్చింది. బడికి వెళ్లడానికి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఉంది. నా వైపు చూడకుండా రైతు కాళ్ల దగ్గర నిలబడింది. వంగలేదు. మోకాళ్లు మడిచి, నడుము నిటారుగా ఉంచి, ఆ అమ్మాయి నేర్పినట్లు కూర్చుంది.

"అన్నా, ఈ బొటనవేలు పైకెత్తు."

అతను ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి. వేలు కదల్లేదు.

"మూత్రం బాగా వస్తాందా?"

అతను బావమరిది వైపు చూశాడు. "నిన్నటినుంచి... బిగదీస్తాండాది" అన్నాడు చిన్న గొంతుతో.

ఆమె లేచింది. "బావ అన్నట్లు, ఈయనకు మాగేదానికి టైము లేదు. ఆటో తిప్పు" అని డ్రైవరుకు చెప్పి, నా వైపు తిరిగింది. "బావను కోసిన డాక్టరు కాడికే తీసుకపో. యాడా ఆపొద్దు. చేరినాక ఆయనకు మొత్తం చెప్పు, ఏదీ దాచొద్దు."

"నువ్వు?"

"నాకు బడికి టైమయింది. పిల్లోళ్లు ఆకలితో ఉంటారు."

రైతును అతని బావమరిదీ నేనూ లేపి ఆటోలో వెనక సీటు మీద పడుకోబెట్టాం. ఆమె కొంగు సర్దుకుని, క్వారీ మలుపు వైపు, రోజూ నడిచే దారిలోనే బడికి బయల్దేరింది. రెండు కాళ్లూ సమంగా పడుతున్నాయి. నేను మట్టిలో పడిన చెప్పు తీసి, దుమ్ము దులిపి, ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను.